గాలిగోపురం దగ్గర కలుద్దామని ముందే అనుకున్నారా?

తిరుపతి నుంచి 38 ఏళ్ళ టీచరమ్మ ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

రెండున్నరేళ్ళ కిందట ఈవిడను పరుగులోకి దింపింది వాళ్ళ వదినే. భర్తకు సొంత అక్క, వయసు 46. ఇద్దరివీ పక్కపక్క వీధులు. పొద్దున అయిదింటికి వదిన వచ్చి గేటు తడితే ఈవిడ బూట్లు తొడుక్కుని బయటపడేవారు. యూనివర్సిటీ రోడ్డు మీద సగం నడక, సగం పరుగు, దారి పొడవునా కబుర్లు. ఊళ్ళో ఎక్కడ 5 కిలోమీటర్ల పరుగు పెట్టినా ఇద్దరూ పేర్లిచ్చి, టీషర్టు తీసుకుని, మెడల్ వేసుకుని, అక్కడ పెట్టిన పొంగలి తిని ఇంటికొచ్చేవారు.

ఏడాది నుంచి ఈవిడకు వేగం వచ్చింది. 10 కిలోమీటర్లకు మొదట్లో గంటా ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు 58 నిమిషాలు. వదిన మాత్రం మొదటి రోజుల వేగంలోనే ఉన్నారు. పోయిన నెల ఒక ఆదివారం ఊళ్ళో 10 కిలోమీటర్ల పరుగు ఉంటే ఇద్దరి పేర్లూ ఈవిడే ఫోనులో నమోదు చేశారు. బయల్దేరే చోట వదిన "నువ్వు పోతా ఉండు, నేను మెల్లగా వస్తాలే" అన్నారు. ఈవిడ వెళ్ళిపోయారు. 35 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో మూడో స్థానం, 2,000 రూపాయల బహుమతి. అట్టతో చేసిన పెద్ద చెక్కు పట్టుకుని ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. ఆ వేళకు వదిన నాలుగో కిలోమీటరు దాటాక కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూలబడితే, ఎవరో కుర్రాళ్ళు చెయ్యిచ్చి లేపి తీసుకొచ్చి ప్రథమ చికిత్స టెంటులో పడుకోబెట్టి ఉన్నారు. ఆ స్టేటస్ మొదట చూసింది ఆవిడే.

ఇంటికెళ్ళాక భర్త, "మా అక్క కళ్ళు తిరిగి పడుంటే నువ్వు ఫోటో దిగతా ఉండావా? నువ్వేమన్నా ఒలింపిక్స్‌కి పోతావా?" అన్నారు. వదిన ఒక్క మాటా అనలేదు. మూడు వారాలుగా గేటు తట్టడం మాత్రం మానేశారు. ఇంకోపక్క, వేగంగా పరిగెత్తే బ్యాచ్‌వాళ్ళు "కబుర్ల బ్యాచ్‌తో తిరిగితే టైమింగ్ రాదు మేడమ్, 4:45కి మా దగ్గరికొచ్చేయండి" అంటున్నారు. ఇంకో ఆరు వారాల్లో మరో పరుగు ఉంది. దాన్ని 55 నిమిషాల్లో ముగించాలని ఈవిడ కోరిక.

అడిగినవి ముఖ్యంగా మూడు. పోటీ పడాలనుకోవడం తప్పా? ఊళ్ళో జరిగే చిన్న పరుగును ఇంత సీరియస్‌గా తీసుకుంటే జనం నవ్వుతారా? వదినను మళ్ళీ ఎలా కలుపుకోవాలి?

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ వారి మాట దగ్గర మొదలుపెడతాను. ఆ ఒక్క మాటనే మీరు మూడు చోట్ల రాశారు కాబట్టి అది ఎంత లోతుగా దిగిందో తెలుస్తోంది.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ అనగానే మనవాళ్ళకు పి.టి. ఉష గుర్తొస్తుంది. 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం చేజారింది. అవే ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మొట్టమొదటిసారి మారథాన్ పెట్టారు. మగవాళ్ళకు అది 1896 నుంచీ ఉంది. అంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదన్న నమ్మకం పోవడానికి 88 ఏళ్ళు పట్టింది. మీరు పుట్టడానికి కాస్త ముందు జరిగిన సంగతి ఇది. అందుకని ఆడమనిషి గడియారం చూసుకుంటూ పరిగెత్తడం మన ఇళ్ళల్లో ఇంకా కొత్తగానే ఉంటుంది. మగవాడు రోజూ సాయంత్రం షటిల్ ఆడి గెలిచొస్తే ఎవరూ ఒలింపిక్స్ ఊసెత్తరు.

మీరు పిల్లల క్యారియర్లు, బడి, దిద్దాల్సిన పేపర్లు అన్నీ చూసుకుంటూ 22 నిమిషాలు తగ్గించుకున్నారు. ఇంకో మూడు తగ్గించుకోవాలనిపించడం సిగ్గుపడాల్సిన కోరికేమీ కాదు. పోటీ పడాలనిపిస్తే పడండి. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇంతే, దీనికి షరతులేమీ లేవు.

కానీ మీ వారు ఆ మాట అన్న రోజు ఆయన మనసులో ఉన్నది మీ పరుగు కాదనిపిస్తోంది. అక్కకు ఏమైందోనన్న భయం అది. భయంలో ఉన్న మనిషి చేతికి దొరికిన మాట విసురుతాడు. ముందు ఆ భయానికి జవాబు చెప్పండి. పరుగు గురించి తర్వాత మాట్లాడితే వింటారు.

జనం నవ్వుతారా అన్నారు. రేపు పొద్దున గ్రౌండులో ఒకసారి చుట్టూ చూడండి. తెల్లవారకముందే వచ్చి, కొందరు ఉత్త కాళ్ళతోనే రౌండ్లు కొట్టే పిల్లలు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ సెలక్షన్‌కు మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచెయ్యాలి, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో. అగ్నివీర్‌కైతే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు. ఆ పిల్లలకు ఊరి పరుగులో గెలిచే రెండు వేలంటే పాలకూ గుడ్లకూ అయ్యే ఖర్చు. వాళ్ళ జీవితం ఆ ట్రాకు మీద ఆధారపడి ఉంది. వాళ్ళ లెక్కలో చూస్తే మీరూ షికారుకు వచ్చినవాళ్ళే, నేనూ అంతే. మిమ్మల్ని వాళ్ళు అలా చూడరు, పక్కకు జరిగి దారిస్తారు, "బాగా పరిగెత్తా ఉండారు మేడమ్" అంటారు. మీకంటే నెమ్మదిగా వచ్చేవాళ్ళ విషయంలో మీరూ అలా ఉండగలరా అన్నది నేను మిమ్మల్ని అడుగుతున్న ప్రశ్న.

ఎందుకంటే మీ ఉత్తరంలో రెండు పేజీలు వాళ్ళ మీదే ఉన్నాయి. అయిదుగురు వరసగా చేతులు పట్టుకుని ముందు నిలబడేవాళ్ళు, దారిలో ఆగి సెల్ఫీలు తీసుకునేవాళ్ళు, టీషర్టు కోసం వచ్చేవాళ్ళు. మీ చిరాకులో న్యాయం ఉంది. చాలా పోటీల్లో బహుమతి లెక్క జెండా ఊపిన క్షణం నుంచి వేస్తారు. ఛాతీకి తగిలించుకునే నంబరు గుడ్డ, అదే బిబ్, వెనక ఉండే చిప్ మీరు గీత దాటిన సమయాన్ని విడిగా పట్టుకుంటుంది నిజమే, కానీ స్థానాలు నిర్ణయించేది సాధారణంగా మొదటి లెక్కే. ముందున్న గుంపు మధ్యలో ఇరుక్కుని అర నిమిషం పోతే పోయినట్టే. అందుకే పెద్ద పరుగుల్లో దీన్ని ఎప్పుడో విడగొట్టారు. ముంబయి మారథాన్‌లో డ్రీమ్ రన్ అని వేరే పెట్టారు. దూరం 6 కిలోమీటర్ల లోపే, టైమింగ్ ఉండదు, వేషాలు వేసుకుని కూడా వస్తారు. బెంగుళూరు 10 కిలోమీటర్ల పరుగులోనూ సరదాకు మజ్జా రన్ వేరు, టైమింగ్‌కు ఓపెన్ 10 వేరు. మన ఊరి నిర్వాహకులకూ ఈ మాట చెప్పండి. "గంటలోపు ముగించేవాళ్ళు ముందు, నడిచేవాళ్ళు వెనక" అని నాలుగు అట్టలు రాసి కట్టి, మైకులో రెండుసార్లు చెబితే సగం గొడవ తీరుతుంది. మీలాంటి టీచరమ్మ నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ అట్టలు తనే పట్టుకుంటానంటే వద్దనేవాళ్ళుండరు.

అయితే టీషర్టు కోసం వచ్చేవాళ్ళను తీసేస్తే ఊరి పరుగే ఉండదని కూడా గుర్తుంచుకోండి. వాళ్ళు కట్టే ఫీజు, వాళ్ళు తెచ్చే సందడి ఉంటేనే స్పాన్సర్లు వస్తారు, పోలీసులు రోడ్డు ఆపుతారు, నీళ్ళ టేబుళ్ళు పెడతారు. రెండున్నరేళ్ళ కిందట మీరూ ఆ గుంపులోనే ఉన్నారు. ఆ రోజు మీ వెనక ఎవరో మూడు నిమిషాలు పోగొట్టుకునే ఉంటారు.

ఇంకో మాట. మీరు ఉత్తరం అంతటా "సీరియస్ రన్నర్లు" అన్నచోటల్లా వేగంగా వెళ్ళేవాళ్ళ గురించే రాశారు. వేగమూ పట్టుదలా ఒకటని ఎలా అనుకున్నారో అర్థం కాలేదు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని ఒక పరుగు ఉంది. 1921 నుంచి జరుగుతోంది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య దాదాపు 90 కిలోమీటర్లు. 12 గంటల్లో ముగించాలి. గడువు తీరే నిమిషంలో ఒక అధికారి వస్తున్నవాళ్ళకు వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఒక్క సెకను తర్వాత వచ్చినా మెడల్ లేదు. ఆ ఆఖరి గంటలో ఒకరినొకరు పట్టుకుని వచ్చేవాళ్ళు చాలా నెమ్మదిగా వస్తారు. వాళ్ళను కాజువల్ అనడానికి ఎవరికైనా నోరొస్తుందా? మీ వదిన రెండున్నరేళ్ళు రోజూ అయిదింటికి మీ గేటు తట్టారు. మిమ్మల్ని నిద్రలేపడానికి ఆమె మీకంటే ముందు లేవాలి కదా.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం మూడో పేజీలో, సెల్ఫీల గురించి రాస్తూ రాస్తూ మధ్యలో ఒక వాక్యం రాశారు: "అన్నట్టు ముందురోజు శనివారం, వదినకు ఒక్కపొద్దు." అంతే రాసి మళ్ళీ సెల్ఫీల్లోకి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఏడుకొండలవాడి ఊళ్ళో శనివారం ఒక్కపొద్దు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం ఒక్కపూట తిండి, రాత్రికి ఏ అరటిపండో పాలో. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ కడుపుతో ఆమె వచ్చి నిలబడింది 10 కిలోమీటర్లకు. అప్పటిదాకా ఆమె ఎప్పుడూ 6 దాటలేదని కూడా మీరే రాశారు. ఇద్దరి పేర్లూ ఇచ్చింది మీరు. 5 బదులు 10 అని నొక్కింది మీ వేలు. మీరు పదికి వెళ్తున్నారు కాబట్టి ఆమెనూ పదికి వేశారు. ఆమె అడగలేదు, వద్దనలేదు. వదినలు చాలాసార్లు అలాగే ఉంటారు.

కాబట్టి మీ ఇంట్లో అందరూ నాలుగో కిలోమీటరు గురించి మాట్లాడుతున్నారు గానీ, నన్నడిగితే పొరపాటు ఆ పేర్లు నమోదు చేసిన రోజే మొదలైంది. శనివారం రాత్రి దాన్ని సరిదిద్దుకునే వీలు ఇంకా ఉంది. ఒక్క ఫోను చేసి "వదినా, రేపు ఏం తిని వస్తావు? పది వద్దులే, అయిదుకే మారుద్దామా?" అని అడిగి ఉంటే ఆదివారం మీరు నిశ్చింతగా మీ పరుగు మీరు పరిగెత్తేవారు. మీరు గెలవడం ఆమెకు నొప్పి కాదని నా నమ్మకం. తన గురించి ఒక్క క్షణం కూడా ఎవరూ ఆలోచించలేదన్నది నొప్పి. ఆ టెంటులో పడుకుని ఫోను తెరిస్తే కనబడింది చెక్కు.

"నువ్వు పోతా ఉండు అని తనే అంది కదా" అని రాశారు. అన్నారు, నిజమే. భోజనాల దగ్గర ఇంకొంచెం వేయబోతే "చాల్లే" అంటాం. అంటే గరిటె వెనక్కి తీసుకుపొమ్మనా? రెండోసారి అడగమని. జనం మధ్య, జెండా ఊపడానికి రెండు నిమిషాల ముందు, కొత్త బూట్లలో ఎగిరెగిరి పడుతున్న మరదలితో ఆమె ఇంకేం అనగలరు? అక్కడ నిలబడి వినే జవాబు ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. ఆ ప్రశ్న అడగాల్సింది ముందే, ఇంట్లో, కాఫీ తాగుతూ.

మన కొండదారిలో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఒకే ఇంటివాళ్ళు పదిమంది కలిసి మొదలుపెడతారు. కుర్రాళ్ళు రెండేసి మెట్లు ఎక్కుతూ మాయమవుతారు. పెద్దావిడ ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తుంది. మోకాళ్ళ మెట్టు దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు వేరే ఉంటారు. ఎవరూ ఎవరినీ వదిలేసి పోయారని నిష్ఠూరమాడరు. ఎందుకంటే పాదాల మండపం దగ్గరే అనుకుంటారు: "గాలిగోపురం దగ్గర కలుద్దాం." నీళ్ళ సీసా ఎవరి దగ్గర ఉండాలో, అమ్మమ్మ వెంట ఎవరు నడవాలో అప్పుడే తేల్చుకుంటారు. ముందు వెళ్ళినవాడు గాలిగోపురం దగ్గర కూర్చుని ఎదురుచూస్తాడు, చూడాలి. మీ ఇద్దరి పరుగులో గాలిగోపురం లేకుండా పోయింది. మీ వేగం పెరిగిన కొద్దీ అది మరింత అవసరం.

ఇప్పుడేం చెయ్యచ్చు? నాకు తోచినవి చెబుతాను. ఏది ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది, ఎందుకంటే మీ ఇల్లు నాకు నాలుగు పేజీలే తెలుసు.

అన్నిటికంటే ముందు ఒకటి మాత్రం ఎంపిక కాదు. వదిన మళ్ళీ పరుగు పెట్టేముందు డాక్టరుకు చూపించాలి. 46 ఏళ్ళ మనిషికి కళ్ళు తిరిగితే ఉపవాసమే కారణమని మనం ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పకూడదు. బీపీ, షుగరు, రక్తం అన్నీ చూడనివ్వండి. ఏవైనా మాత్రలు వాడుతుంటే, వాటితో పరిగెత్తవచ్చా, ఎంత నీళ్ళు తాగాలి అని అడగండి. మీరు కూడా వెంట వెళ్ళండి. మీ వారి భయానికి జవాబు అన్నాను కదా, అది ఇదే.

వచ్చే పరుగును పూర్తిగా వదినతో కలిసి పరిగెత్తడం ఒక దారి. అయిదు కిలోమీటర్లకు ఇద్దరూ పేర్లివ్వడం, ఆమె వేగంలో వెళ్ళడం. ఇది వినడానికి తేలిక, చెయ్యడం కష్టం. నేను ఒకసారి మా చెల్లెలితో ఇలాగే వెళ్ళాను. దారంతా పది అడుగులు ముందుండి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాను. తోడుగానే ఉన్నాననుకున్నాను. ఇంటికొచ్చాక "నీ వీపు చూసి చూసి నాకు ఏడుపొచ్చింది" అంది. ఈ దారి పడితే భుజానికి భుజం కలిపి పరిగెత్తండి, వాచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి. అదీ కాక, మీ 55 నిమిషాలు ఇంకో రెండు మూడు నెలలు వెనక్కి పోతాయి. ఆ సంగతి మీకు లోలోపల గుచ్చుకునేలా ఉంటే ఈ దారి వద్దు. ఎప్పుడో ఒకరోజు "నీ కోసం నా రేసు వదులుకున్నా" అన్న మాట నోరు జారుతుంది, ఆ మాట ఈ మూడు వారాల మౌనం కంటే చేటు.

ఒకే రోజు వేర్వేరు దూరాలు పరిగెత్తడం రెండోది. మీరు 10, ఆమె 5. సాధారణంగా 10వాళ్ళను ముందు వదిలి, కాసేపాగి 5వాళ్ళను వదులుతారు కాబట్టి మీరిద్దరూ ఇంచుమించు ఒకే సమయానికి ముగింపు దగ్గరికి చేరే వీలుంది. మీరు ముందొస్తే మెడల్ తీసుకుని, నీళ్ళు తాగి, రోడ్డు పక్కగా వెనక్కి నడిచి ఆమెకు ఎదురెళ్ళండి. చివరి అర కిలోమీటరు ఆమెతో రండి. గీత దగ్గర మాత్రం మీరు పక్కకు తప్పుకోండి. మీ చిప్ రెండోసారి గీత దగ్గర సమయం పట్టుకునే మ్యాట్ మీద పడితే టైమింగ్‌వాళ్ళకు తలనొప్పి, పైగా ఆ గీత దాటే క్షణం ఆమెది. నాకైతే మీ పరిస్థితికి ఇది బాగా సరిపోతుందనిపిస్తోంది. అయితే ఆమెకు దారిలో ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారన్నది ముందే తేలాలి. మీ వారిని తీసుకెళ్ళి మూడో కిలోమీటరు దగ్గర నిలబెట్టండి. ఒకసారి ఆయన ఆ రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఒలింపిక్స్ మాట మళ్ళీ అనరు.

మీ టైమింగ్ కోరికను ఊరి బయటికి తీసుకెళ్ళడం ఇంకో దారి. ఆగస్టులో హైదరాబాదు, జనవరిలో చెన్నై, వేసవిలో బెంగుళూరు. ఇలా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఊరి పరుగుల్లో దూరం కచ్చితంగా ఉంటుందని నమ్మలేం. బైకు మీటరు చూసో, ఫోనులో మ్యాపు చూసో గుర్తులు పెట్టేస్తుంటారు. అంతర్జాతీయ పద్ధతిలో కొలిచే దారులకైతే సైకిల్ చక్రానికి లెక్కపెట్టే యంత్రం బిగించి కొలుస్తారు, పొరపాటున కూడా తక్కువ రాకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. మీ 58 నిమిషాలు 10 కిలోమీటర్లకా, 9.6కా అన్నది మీకు ఇంకా తెలియదు. బాధపెట్టాలని అనడం లేదు. తెలుసుకోవడం తేలిక: 400 మీటర్ల ట్రాకు మీద లోపలి లైనులో 25 రౌండ్లు వేస్తే 10,000 మీటర్లు. 55 నిమిషాలు కావాలంటే ఒక్కో రౌండు 2 నిమిషాల 12 సెకన్లలో పడాలి. ఒకరోజు అలా వేసి చూసుకుంటే ఆరు వారాల్లో మూడు నిమిషాలు తగ్గుతాయో లేదో మీకే అర్థమవుతుంది. కిలోమీటరుకు 18 సెకన్లంటే చిన్న తేడా కాదు. బయటి ఊరి పరుగు ఎంచుకుంటే ఖర్చు ఉంటుంది, రైలు టిక్కెట్లు, ఒక రాత్రి బస ఉంటాయి, ఇంట్లో ఇంకా పెద్ద మాటలు రావచ్చు. కానీ ఊరి పరుగు మళ్ళీ పొంగలి తినే పరుగు అయిపోతుంది, అక్కడ మూడోస్థానం కోసం మీరు వదినను తప్పించుకుని పోనక్కర్లేదు.

ఇక 4:45 బ్యాచ్. వెళ్ళండి, కానీ వారంలో రెండు రోజులు. "కబుర్ల బ్యాచ్‌తో తిరిగితే టైమింగ్ రాదు" అన్నవాళ్ళు సగమే చెప్పారు. దూరం పరిగెత్తేవాళ్ళలో మంచి శిక్షణ ఉన్నవాళ్ళు వారంలో ఎక్కువ భాగం హాయిగా మాట్లాడగలిగే వేగంలోనే పరిగెడతారు. గట్టిగా ఊపిరి అందకుండా పరిగెత్తేది తక్కువ రోజులే. రోజూ ఆ బ్యాచ్ వెంట పడి పరిగెత్తితే మోకాళ్ళో పిక్కలో మొరాయిస్తాయి, ఆరు వారాలూ మంచం మీదే. అంటే మీ టైమింగ్‌కు కూడా కబుర్లు చెప్పగలిగే పరుగు కావాలి.

అలాగని మీ నెమ్మది పరుగు, వదిన పరుగు ఒకటే అని నేను అబద్ధం చెప్పను. మీ నెమ్మది కిలోమీటరుకు ఏడు నిమిషాల దగ్గర ఉంటుంది, ఆమెది తొమ్మిదిన్నర. పక్కపక్కన పొసగదు. అందుకే రోడ్డు వదిలి చిన్న రౌండులోకి రండి. ట్రాకు మీదైతే ఎవరు ఎంత వేగంగా వెళ్ళినా ఎవరూ దూరం కారు. మీరు లోపలి లైనులో మీ 2:12 పరిగెత్తుతూ, ఆమె బయటి లైనులో తన వేగంలో వస్తుంటే అయిదు నిమిషాలకొకసారి మీరు ఆమెను దాటుతారు. దాటినప్పుడల్లా ఒక మాట. మొదటి కిలోమీటరు, ఆఖరి కిలోమీటరు ఇద్దరూ కలిసి నడవండి. ఎలాగూ ఒళ్ళు వేడెక్కాలి, చల్లబడాలి. ఆమెకు ఇష్టమైతే మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పద్ధతి చెప్పండి. అమెరికా తరఫున 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే మామూలు జనానికి నేర్పింది ఇలాంటి పద్ధతే. మధ్యలో నడవడం ఓడిపోవడం కాదని అంతటివాడు చెప్పాడంటే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది. అయితే ఇదంతా మీ శిక్షణలో ఒక భాగంగా ఆమెను వాడుకుంటున్నట్టు ఉండకూడదు. "నాకు నెమ్మదిగా పరిగెత్తే రోజులు కావాలంట, అందుకే వచ్చా" అని గానీ అన్నారా, ఆ గేటు ఇక తెరుచుకోదు.

ఆమె రానంటే? రాకపోవచ్చు. అసలు ఆమెకు పరుగే అక్కర్లేదేమో, మీతో గడిపే ఆ గంట కోసమే వచ్చేవారేమో. అలాంటప్పుడు బలవంతం చెయ్యకండి. ఆదివారం సాయంత్రం కపిలతీర్థం దాకా నడుద్దాం రమ్మనండి. పరుగు మీది మీరు చేసుకోండి. రెండూ వేరువేరుగా ఉన్నా నష్టం లేదు.

క్షమాపణ ఎలా చెప్పాలో అడగలేదు గానీ చెబుతాను. ఈసారి మీరు వెళ్ళి ఆమె గేటు తట్టండి. అయిదింటికి వద్దు, పరుగుకు రమ్మన్నట్టు ఉంటుంది. పదకొండింటికి, ఆమెకు వంట పని అయ్యాక వెళ్ళండి. "నువ్వే పొమ్మన్నావు కదా" అన్న మాట నోట రానివ్వకండి. నీ పేరు పదికి వేసేటప్పుడు నిన్ను అడగలేదు, శనివారమని తెలిసి కూడా ఫోను చెయ్యలేదు, ఆ రెండూ నా తప్పు అని చెప్పండి. గెలిచినందుకు మాత్రం క్షమాపణ అడగకండి, అది ఆమెకు కూడా బాగుండదు. తర్వాత ఆమె చెప్పేది వినండి. తిడితే తిట్టనివ్వండి.

ఆ చెక్కు ఫోటో ఫోనులోంచి తీసెయ్యాలా అని చివర అడిగారు. తియ్యకండి, అది మీరు కష్టపడి తెచ్చుకున్నది. ఆ రోజు వదిన ఇంట్లో కూర్చున్నంతసేపూ మాత్రం ఫోను సంచిలోనే ఉంచండి.